బ్యాండు కడుతున్న అల్లునికి

చిరంజీవి అల్లునికి మామ ఆశీర్వదించి రాయునది.

12 మందితో సొంత బ్యాండు కడుతున్నావనీ, అందులో ట్రంపెట్లే 5 పెడతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. 3 చాలు. మిగిలే డబ్బు యూఫోనియంల మీద పెట్టు, అవి కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బూరలు. ట్రంపెట్లు పెంచితే మోత పెరుగుతుంది గాని పాటకు నిండుదనం రాదు. ట్రంపెట్ గొట్టం పొడవు నాలుగున్నర అడుగులు, యూఫోనియంది 9. అందుకే అది ఒక స్థాయి కింద పలుకుతుంది. బేగంబజారు గల్లీల్లో బరాత్ నడిచేటప్పుడు ఆ కింది స్వరం లేకపోతే పాట బోసిగా ఉంటుంది.

ట్రంపెట్లు 3, యూఫోనియంలు 2, క్లారినెట్లు 2, ఆల్టో సాక్సాఫోన్ 1, సైడ్ డ్రమ్ములు 2, బేస్ డ్రమ్ 1, తాళాలకు ఒకడు. పల్లవి ట్రంపెట్లది. యూఫోనియం దానికి జవాబు చెప్పాలి, మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్లు ఎత్తుకోవాలి. చరణం క్లారినెట్‌కు వదిలేయ్. పాడే గొంతులోని జారుడు, గమకం వేలితో నొక్కి గాలి దారి మార్చే మూడు వాల్వుల ట్రంపెట్ కంటే దాని మీదే బాగా పలుకుతాయి. అసలు బ్రాస్ బ్యాండులో క్లారినెట్, సాక్సాఫోన్ లాంటి రీడు (సన్నని బద్ద) వాయిద్యాలకు చోటు లేదని పుస్తకం చదివినవాడు అంటాడు, అననీ. మన పెళ్లిళ్లకు అవి కావాలి.

ముగ్గురు ట్రంపెట్ వాళ్లనూ ఒకేసారి ఊదించకు. ఇద్దరు ఊదుతుంటే ఒకడు పెదవికి విశ్రాంతి ఇవ్వాలి. అలిసినవాడు మౌత్‌పీస్‌ను పెదవికి ఇంకా గట్టిగా అదుముతాడు, దాంతో రక్తం ఆడక పై స్వరాలు మొదట పోతాయి.

శ్రుతి ముందు గొట్టాలు వేడెక్కనీ. డిసెంబరు చలిలో ఇత్తడి చల్లగా ఉండి స్వరం దిగుతుంది, ఊదుతుంటే ఎక్కుతుంది. 5 నిమిషాలు ఊదాక కలపండి. ఒకే స్వరానికి ఒక్కో వాయిద్యం మీద ఒక్కో పేరుంటుంది. అందరికీ ఒకే బి ఫ్లాట్ రావాలంటే ట్రంపెట్, క్లారినెట్ తమ సి, ఆల్టో సాక్సాఫోన్ తన జి పలికించాలి. ట్రంపెట్ ట్యూనింగ్ స్లైడు, అంటే శ్రుతి సరిచేసే జారుడు గొట్టం, అర అంగుళం బయటికి లాగి మొదలుపెడితే, పెంచడానికీ తగ్గించడానికీ చోటుంటుంది.

బేస్ డ్రమ్ నడుమ నడవాలి, తోకలో కాదు. దెబ్బకూ ముందు వరుసకూ 17 మీటర్ల దూరం పడితే శబ్దం సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. ముందువాళ్లు దాన్నే నమ్ముకుని ఊదితే లయ ఈడ్చినట్టవుతుంది.

వాల్వులకు రోజూ మూడు నాలుగు చుక్కల వాల్వ్ ఆయిలే వెయ్యి. కొబ్బరి నూనె పోస్తే జిగటై ఇరుక్కుంటాయి. వాల్వుల మీద 1, 2, 3 అంకెలుంటాయి, కడిగాక తారుమారు చేస్తే గాలి దారి మూసుకుంటుంది. మెరుగుపెట్టే పాలిష్ వాల్వు గొట్టంలోకి పోనీయకు, అది అరగదీస్తుంది. ఇరుక్కున్న మౌత్‌పీస్‌ను పటకారుతో తిప్పితే టంకం ఊడి వస్తుంది. దానికి పుల్లర్ అని వేరే పనిముట్టుంది, ఒకటి కొని పెట్టుకో. క్లారినెట్లు కట్టెవి వద్దు, ఎండకు చీలిపోతాయి. ఎబొనైట్‌వి, అంటే గట్టి రబ్బరువి, తీసుకో, ఒక్కోదానికి నాలుగేసి రీడ్లు పెట్టెలో ఉంచు.

యూఫోనియం మీరట్ సరుకైనా సరే, పాతదైనా సరే, కొనేముందు ఒక్కో వాల్వు స్లైడునూ వాల్వు నొక్కకుండా లాగి చూడు. టప్‌మని ఊడి రావాలి. చప్పుడు లేకుండా వస్తే ఎక్కడో గాలి కారుతున్నట్టే. బయట ఎంత మెరిసినా తీసుకోకు.

ఇట్లు,
మీ మామ