మీ బండికి ఎంత వించ్ కావాలి?

ప్రశ్న: మా ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఖాళీ బరువు 1,900 కిలోలు. బురద దారుల్లో ఎక్కువగా తిరుగుతాం కాబట్టి ముందువైపు ఎలక్ట్రిక్ వించ్, అంటే ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే మోటార్, పెట్టించాలనుకుంటున్నాను. 4,500 పౌండ్ల బలంతో లాగేది చాలని ఒకరు, 12,000 తీసుకోమని ఇంకొకరు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: 4,500 పౌండ్లది మాత్రం వద్దండి. అంటే దాదాపు 2,040 కిలోలు, బండి బరువు కంటే ఎక్కువే కదా అనిపిస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. మీరు చెప్పింది ఖాళీ బరువు, కానీ ఇరుక్కుపోయిన రోజున బండిలో మనుషులు, సామాను, ఫుల్ ట్యాంక్ అన్నీ ఉంటాయి. అందుకే మాన్యువల్‌లో గ్రాస్ వెహికల్ వెయిట్ (మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) అని ఇచ్చే అంకె చూసి, దాన్ని ఒకటిన్నరతో గుణించండి. మీ బండికి అది 2,500 అనుకుంటే 3,750 కిలోలు వస్తుంది, అంటే సుమారు 8,270 పౌండ్లు. దానికి పైన మామూలుగా దొరికే సైజు 9,500.

ఒకటిన్నర ఎందుకంటే, వించ్ లాగేది బండిని ఒక్కదాన్నే కాదు. బురద చక్రాలను పట్టేసి వదలదు, 30 డిగ్రీల ఎత్తుంటే బండి బరువులో సగం అదనంగా వెనక్కి గుంజుతుంది, రెండూ కలిసిన చోట అవసరమైన బలం బండి బరువును దాటిపోవచ్చు.

ఇక కొనేవాళ్లు పట్టించుకోని ముఖ్యమైన విషయం ఒకటుంది. పెట్టె మీద రాసిన 9,500 అనేది డ్రమ్ (తాడు చుట్టుకునే గుండ్రటి భాగం) మీద తాడు మొదటి వరసలో ఉన్నప్పటి బలం. వరస మీద వరస చుట్టుకునే కొద్దీ డ్రమ్ లావవుతుంది, మోటార్ అదే అయినా లాగే బలం తగ్గుతూ వస్తుంది, నాలుగో వరసకి సుమారు 30 శాతం పోయి 6,650 పౌండ్ల దగ్గర ఆగుతుంది. దగ్గర్లోని చెట్టుకి కట్టి తాడు కొంచెమే విప్పితే మీకు దక్కేది ఈ బలమే. కాబట్టి దూరంగా ఉన్న గట్టి ఆధారం చూసుకుని ఎక్కువ తాడు విప్పండి, కానీ డ్రమ్ మీద చుట్లు మిగలాలి: స్టీల్ కేబుల్‌కి కనీసం 5, సింథటిక్ తాడుకి 8 నుంచి 10.

స్నాచ్ బ్లాక్, అంటే కప్పీ, ఒకటి తప్పకుండా కొనండి. దాన్ని చెట్టులాంటి గట్టి ఆధారానికి కట్టి, తాడుని దాని మీదుగా తిప్పి మళ్లీ బండికే కడితే బలం దాదాపు రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది, పైగా తాడు ఎక్కువ బయటికి వస్తుంది కాబట్టి డ్రమ్ మీద వరసలూ తగ్గుతాయి. అదనపు బలానికి నేనైతే పెద్ద వించ్ కంటే దీన్నే నమ్ముతాను, ఎందుకంటే 12,000ది కొంటే ముందు బరువు పెరుగుతుంది, స్ప్రింగ్‌లు కిందికి దిగుతాయి, వించ్‌ని పట్టి ఉంచే మౌంట్ కూడా అంత లాగుడుకి తగ్గట్టు ఛాసీకి బిగించాలి.

బ్యాటరీ మరిచిపోకండి. ఫుల్ లోడ్‌లో 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్ల దాకా తీసుకోగలదు, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంట్ తయారుచేసే ఆల్టర్నేటర్ ఒక్కటే అంత ఇవ్వలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కాసేపు లాగి, మోటార్ చల్లబడనిచ్చి మళ్లీ లాగండి.

తాడు విషయంలో నా ఓటు సింథటిక్‌కే. ఎండకీ రాళ్ల రాపిడికీ త్వరగా పాడవుతుంది, అది నిజమే, కానీ తెగినప్పుడు స్టీల్ కేబుల్ కొట్టే దెబ్బ చాలా ప్రమాదకరం. ఏ తాడైనా సరే, లాగేటప్పుడు దాని మీద బరువైన దుప్పటి వేయండి, చుట్టుపక్కల ఎవరినీ నిలబడనివ్వకండి.

కొనేముందు మామూలుగా వేసుకెళ్లే సామానంతా వేసి, మనుషులతో సహా బండిని వే బ్రిడ్జ్ మీద ఒకసారి తూయించండి. 2,850 కిలోలు దాటితే 9,500ది చాలదు, అప్పుడు 12,000 వైపు వెళ్లండి.