ఫ్రెస్కో నేర్చుకుని కాలేజీలో బోధించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: పెయింటింగ్‌లో బీఎఫ్ఏ చివరి ఏడాది, అక్రిలిక్‌తో రెండు మూడు గోడలు వేసిన అనుభవం ఉంది, ఇక ఫ్రెస్కో నేర్చుకుని కాలేజీలో బోధిస్తూ గోడల పని కూడా చేయాలి, ఎలా?

సున్నం దగ్గర మొదలుపెట్టండి. రంగుల పెట్టె తెరవడానికి ఇంకా మూడు నెలల టైముంది.

అక్రిలిక్‌లో రంగును గోడకు పట్టి ఉంచేది ప్లాస్టిక్ జిగురు. అసలైన ఫ్రెస్కోలో జిగురే ఉండదు. పచ్చి సున్నపు పూత మీద ఉత్త నీళ్లలో నూరిన రంగు పెడతాం. పూత ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. పైకి తేలిన ఆ పలుచని రాతి పొరలోనే రంగు బిగుసుకుపోతుంది. గోడ మీద కనిపించే పాత బొమ్మలన్నిటినీ ఫ్రెస్కో అనేయడం మన దగ్గర అలవాటు. అజంతాలో వేసింది మట్టి పూత ఆరాక, జిగురు కలిపిన రంగులతో. అది సెక్కో, అంటే ఆరిన పూత మీది పని. ఈ తేడా చేతికి తెలియకుండా క్లాసులో చెప్పలేరు.

ఇక సున్నం. బట్టీలో కాల్చిన రాతి సున్నం గడ్డలు 3 కిలోలు తెండి. ఇనుప డ్రమ్ములో 9 లీటర్ల నీళ్లు పోసి, గడ్డల్ని కొద్దికొద్దిగా నీళ్లలో వేయండి. గడ్డల మీద నీళ్లు పోయకండి, ముఖాన చిమ్ముతుంది. సలసల కాగుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు. కళ్లజోడు, రబ్బరు గ్లవుజులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చల్లారాక సన్న జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా ఉంచి మూత పెట్టండి. కనీసం మూడు నెలలు, ఏడాది ఆగితే ఇంకా మేలు. సుమారు 6 లీటర్ల ముద్ద వస్తుంది. బాగా నానిన ముద్ద వెన్నలా తాపీ మీంచి జారుతుంది. సంచుల్లో అమ్మే వెల్ల సున్నం పొడి రెండు వారాలు నానబెట్టి అభ్యాసానికి వాడొచ్చు కానీ, దుకాణంలో ఎంతకాలం గాలి తగిలి ఉందో తెలియదు. సగం ఇప్పటికే రాయి అయిపోయిన సున్నం రంగును పట్టదు.

మొదటి పలక 2 అడుగుల చదరం చాలు. గ్లేజు లేని మట్టి టైల్స్‌ను చెక్క ఫ్రేములో బిగించండి. కింది పూతకు మూడున్నర లీటర్ల ముతక ఇసుక, లీటరున్నర ముద్ద. సెంటీమీటరు మందం వేసి, గరుకుగా గీకి, వారం పది రోజులు ఆరనివ్వండి. పై పూతకు ముప్పావు లీటరు సన్న ఇసుక, ముప్పావు లీటరు పాలరాతి పొడి, లీటరు ముద్ద. దీని మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు, అంతకు మించొద్దు. ఇసుక ఏటిదే కావాలి, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సముద్రం ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఆర్నెల్లకు తెల్లటి పొక్కుల్లా బయటికొచ్చి రంగును ఎత్తేస్తుంది.

పై పూత వేసే ముందురోజు రాత్రీ, ఆ పొద్దున్నా కింది పూతను బాగా తడపాలి. పొడిగా ఉంటే అది పై పూతలోని నీళ్లు లాగేసి గంటలో పగుళ్లు తెస్తుంది. పూత వేశాక వెంటనే కుంచె పెట్టకండి. వేలితో మెల్లగా నొక్కితే చల్లగా తగలాలి, ముద్ర పడాలి, వేలికి సున్నం మాత్రం అంటకూడదు. అప్పుడు మొదలుపెట్టాలి. వానాకాలం చివర, చలికాలంలో ఆరేడు గంటలు దొరకొచ్చు. మే నెల ఎండలో దానిలో సగం కూడా దొరకదు, గోనెపట్టా తడిపి కిటికీకి కట్టినా సరే. కుంచె కింద ఉపరితలం గరుకుగా లాగుతున్నట్టు అనిపించగానే ఆపేయాలి. "ఇంకొక్క గీత" అని ఆ తర్వాత పెట్టిన రంగే వారానికి వేలికి పొడిగా అంటుకుంటుంది. అభ్యాస పలకల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే లోపం ఇదే.

పెద్ద గోడ అయితే ఆ రోజు పూర్తిచేయగలిగినంత మేరకే పై పూత వేస్తారు. ఇటలీ వాళ్లు దీన్ని జోర్నాతా అంటారు, అంటే ఒక రోజు పని. మిగిలిన పచ్చి పూతను సాయంత్రం తాపీతో ఏటవాలుగా కోసి తీసేయాలి. ఆకాశం మధ్యలో కాకుండా చీర అంచు దగ్గరో, కొమ్మ గీత మీదో కోస్తే అతుకు కనిపించదు.

రంగుల్లో సున్నాన్ని తట్టుకునేవి కొన్నే: జాజు (ఎర్ర మన్ను), పసుపు మన్ను, ఆకుపచ్చ మన్ను, దీపపు మసి, కోబాల్ట్ నీలం. ప్రష్యన్ నీలం సున్నంలో గోధుమరంగుకు తిరిగిపోతుంది. తెలుపుకు సున్నమే వాడాలి. ఆరాక రంగులన్నీ ఒక మెట్టు తేలిక అవుతాయి, కాబట్టి పాత సున్నపు పలక ముక్క ఒకటి పక్కన పెట్టుకుని దాని మీద చుక్క పెట్టి చూడండి. నీళ్లు వెంటనే పీల్చుకుని ఆరిన రంగేమిటో క్షణంలో చూపిస్తుంది.

జైపూర్ పద్ధతి వేరే. పెరుగు, బెల్లం వేసి ఏళ్లకేళ్లు నీళ్లు మారుస్తూ ఉంచిన సన్నటి సున్నం, పాలరాతి పొడి, రంగు పెట్టాక చిన్న తాపీతో తట్టడం, అకీకు (అగేట్) రాయితో మెరుగు పెట్టడం, చివర కొబ్బరినూనె. శాంతినికేతన్‌కు 1920ల చివర్లో జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ మేస్త్రీని రప్పించి, అక్కడి కళాభవన్ అధిపతి, చిత్రకారుడు నందలాల్ బోస్ ఈ పని అక్కడ నేర్పించారు. తర్వాత వినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో అక్కడి హిందీ భవన్ గోడల మీద మధ్యయుగ సాధువుల బొమ్మలను తడి పూత మీదే వేశారు. బోధకుడూ గోడపనివాడూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతారో చూడాలంటే ఆ గోడల ముందు ఒక రోజు కూర్చోండి. నందలాల్ దగ్గర చదువుకున్న కొండపల్లి శేషగిరిరావు హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ బోధించారు, అంటే ఈ దారి మనకు కొత్తదేమీ కాదు.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 55 శాతంతో పీజీ, దాంతోపాటు అధ్యాపక అర్హత పరీక్ష, అంటే జాతీయ స్థాయి నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్. విజువల్ ఆర్ట్స్ నెట్ కోడ్ 79. వృత్తి కళాకారులకు వేరే అర్హత మార్గం కూడా ఉంది, దాన్ని పూర్తిగా చదవండి. ఎంఎఫ్ఏకు కాలేజీ ఎంచుకునేటప్పుడు బ్రోషర్ పక్కన పెట్టి స్టూడియోకి వెళ్లి సున్నం తొట్టి ఉందా, అందులో తడి ఉందా చూడండి. శాంతినికేతన్ కళాభవన్, అమ్మాయిలైతే రాజస్థాన్‌లోని బనస్థలి విద్యాపీఠ్ ముందు పరిశీలించదగినవి. పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన బొమ్మల ఫొటోలతో పాటు అడ్డంగా కోసిన పూత ముక్క ఒకటి, ఏ పాళ్లు కలిపారో రాసిన చీటీతో పెట్టండి. ఒక అంగుళం ముక్కలో మీకు పని వచ్చో రాదో తెలిసిపోతుంది.

పాఠం చెప్పే రోజు వచ్చాక టైంటేబుల్‌తో తగాదా తప్పదు. గంట పీరియడ్లలో ఫ్రెస్కో సాగదు, పూత ఎవరి కోసమూ ఆగదు. వారానికి ఒక పూర్తి రోజు, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం దాకా, ముందే అడిగి రాయించుకోండి. ఏటా ఒక బ్యాచ్ ఉడికించిన సున్నాన్ని తర్వాతి బ్యాచ్ వాడేలా రెండు తొట్లు పెట్టి, మూతల మీద నెల, సంవత్సరం పెయింటుతో రాయండి. సెలవుల్లో వాటిపై నీళ్లు ఎండకుండా చూసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి. ఎండితే ఆ ఏడాది కోర్సు లేనట్టే.