పంప్ షాట్‌గన్ కొనేముందు మీ చేతులు కొలుచుకోండి

ఇంటి రక్షణకు ఒకే ఒక్క పంప్ యాక్షన్ షాట్‌గన్ కొనాలనుకుంటున్నానని, అది మీకూ మీ ఆవిడకూ ఇద్దరికీ పనికిరావాలని రాశారు. రెమింగ్టన్ 870 తీసుకోవాలా, మాస్‌బర్గ్ 500 తీసుకోవాలా, ఏది జామ్ కాకుండా పనిచేస్తుంది అన్నది మీ ప్రశ్న. ఈ రెండింటిలో ఏది కొన్నా తప్పు చేసినట్టు కాదు. కానీ పంప్ షాట్‌గన్ సరిగ్గా పనిచేయడం సగం తుపాకీలో ఉంటే, మిగతా సగం దాన్ని పట్టుకున్న చేతుల్లో ఉంటుంది. నాకు అది తెలియక నా మొదటి తుపాకీని పేరు చూసి కొన్నాను.

అది మంచి పేరున్న సెకండ్ హ్యాండ్ 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత). ట్రిగ్గర్ నుంచి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) చివరి వరకు పొడవు 14 అంగుళాలు పైనే. చాలా కంపెనీల మామూలు కొలత దాదాపు ఇంతే. శిక్షణ తరగతిలో టైమర్ మోగగానే నాలుగు షెల్స్ (షాట్‌గన్ తూటాలు) వరసగా పేల్చమన్నారు. మొదటిది పేలింది. ఫోర్‌ఎండ్, అంటే బ్యారెల్ కింద ముందు చేత్తో పట్టుకునే జారుడు పట్టు, వెనక్కి లాగి ముందుకు తోశాను. రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే "టక్" అని చిన్న చప్పుడు, అంతే. మళ్లీ లాగాను, ఈసారి తుపాకీ సగంలో బిగుసుకుపోయింది. పక్కకి తిప్పి చూస్తే ఎర్రటి ప్లాస్టిక్ షెల్ మూతి బయటికి పొడుచుకొచ్చి ఉంది, దాని ఇత్తడి అంచు ఇంకా షెల్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెంలోనే ఉంది. బోల్టుకీ (షెల్ వెనక మూసే కదిలే ఉక్కు ముక్క) షెల్ బయటికొచ్చే కిటికీ అంచుకీ మధ్య నలిగిపోయింది. గురువుగారు నా వెనక నిలబడి, "తుపాకీ బాగానే ఉంది, మీరు పూర్తిగా లాగలేదు" అన్నారు.

దీన్నే షార్ట్ స్ట్రోక్ అంటారు. పంప్ షాట్‌గన్‌లలో కనిపించే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇదే. బోల్టు చివరిదాకా వెనక్కి వెళ్తేనే ఖాళీ షెల్ దాన్ని బయటికి నెట్టే ఎజెక్టర్‌కు తగిలి ఎగిరిపడుతుంది. అప్పుడే బ్యారెల్ కింద షెల్స్ ఉండే మ్యాగజైన్ ట్యూబ్‌లోంచి కొత్త షెల్, దాన్ని పైకెత్తే లిఫ్టర్ పలక మీదికి వస్తుంది. రెండు వేళ్ల దూరం తక్కువైతే ఖాళీ షెల్ చిక్కుకుంటుంది, లేదా ఛాంబర్ (షెల్ పేలే చోటు) ఖాళీగానే మూసుకుంటుంది. నా స్టాక్ పొడవు వల్ల ఎడమ చెయ్యి పూర్తిగా చాచితే తప్ప ఫోర్‌ఎండ్ అందేది కాదు. చాచిన చెయ్యితో గట్టిగా లాగడం ఎవరికైనా కష్టమే. పైగా ఆ టెన్షన్‌లో తెలియకుండానే సగంలో ఆపేస్తాం.

అందుకే మోడల్ పేరు కన్నా ముందు స్టాక్ పొడవు చూడమంటాను. పెద్దవాళ్లలో కూడా చాలామందికి 12 నుంచి 13 అంగుళాల స్టాక్ బాగా కుదురుతుంది. ఖాళీ తుపాకీని భుజానికి ఆనించి, ఫోర్‌ఎండ్ పూర్తిగా ముందున్నప్పుడు కూడా ఆ చేతి మోచెయ్యి కాస్త వంగి ఉందో లేదో చూసుకోండి. తిన్నగా చాచాల్సి వస్తే ఆ స్టాక్ మీది కాదు. ఈ పరీక్ష మీ ఇద్దరిలో పొట్టివారితో చేయించండి. పొడుగువాళ్లు పొట్టి స్టాక్‌తో సర్దుకోగలరు గానీ, పొట్టివాళ్లు పొడుగు స్టాక్‌తో సర్దుకోలేరు.

మా ఆవిడ విషయంలో జరిగింది కూడా చెప్తాను. నా 12 గేజ్‌తో ఆమె ఐదు షెల్స్ పేల్చింది, ఆరోది పేల్చనంది. భుజం కమిలిపోయింది. "ఇది నా చేతికి వచ్చేది కాదు, దీన్ని నమ్ముకోమని నాకు చెప్పొద్దు" అంది. నేను వాదించలేదు. తర్వాత మాస్‌బర్గ్ 500లోనే బాంటమ్ అనే పొట్టి స్టాక్ రకం, 20 గేజ్‌లో తీసుకున్నాం. ఇప్పుడు ఇంట్లో అందరికన్నా శుభ్రంగా పంప్ చేసేది ఆమే. గేజ్ అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఒక పౌండు సీసంతో 12 సమానమైన గుండ్లు చేస్తే అందులో ఒక్కో గుండు పట్టేంత గొట్టం 12 గేజ్ (సుమారు 18.5 మిల్లీమీటర్లు), 20 చేస్తే 20 గేజ్ (సుమారు 15.6 మిల్లీమీటర్లు). గది పొడవంత దూరంలో 20 గేజ్ బక్‌షాట్ (పెద్ద సీసపు గుండ్లున్న షెల్) తక్కువదేమీ కాదు. భయపడి పక్కన పెట్టేసే 12 గేజ్ కన్నా ఇష్టంగా సాధన చేసే 20 గేజ్ వెయ్యిరెట్లు నయం.

ఇక మీరడిగిన రెండింటి సంగతి. 870 వచ్చింది 1950లో, 500 వచ్చింది 1960ల మొదట్లో. రెండూ కోటికి పైగా అమ్ముడయ్యాయి. విడిభాగాలు, బ్యారెళ్లు, స్టాకులు, రిపేరు తెలిసిన మనుషులు ఇవన్నీ తేలిగ్గా దొరుకుతాయి. రెండింటిలోనూ ఫోర్‌ఎండ్‌ని బోల్టుతో కలిపే కడ్డీలు రెండు ఉంటాయి. ఒకే కడ్డీ ఉంటే ఒక పక్కకు లాగినప్పుడు వంకర తిరిగి పట్టేసే అవకాశం ఎక్కువ. పాత 500లలో ఒకటే ఉండేది, 1970 నుంచి రెండు పెట్టారు. సెకండ్ హ్యాండ్ కొంటే ఇది చూసుకోండి.

870 రిసీవర్ (బోల్టు, ట్రిగ్గర్ ఉండే మధ్య పెట్టె) ఉక్కు, 500ది అల్యూమినియం. అల్యూమినియం అని కంగారు పడకండి. బోల్టు తాళం పడేది బ్యారెల్ వెనక ఉన్న ఉక్కు భాగంలో, పేలుడు ఒత్తిడి అక్కడే ఆగిపోతుంది. నాకు తేడాగా అనిపించేవి చేతికి తగిలే విషయాలే. 500 సేఫ్టీ (ట్రిగ్గర్‌ని ఆపే మీట) రిసీవర్ పైన, బొటనవేలు పడే చోట ఉంటుంది. కుడిచేతివాళ్లకైనా ఎడమచేతివాళ్లకైనా ఒకటే. 870ది ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే మీట, కుడిచేతివాళ్లకు అనుకూలం. అయితే 500కి పిస్టల్ గ్రిప్ (పిస్టల్‌లా నిలువుగా ఉండే పిడి) ఉన్న స్టాక్ పెడితే బొటనవేలు సేఫ్టీకి తేలిగ్గా అందదు, మామూలు స్టాకే ఉంచుకోండి. 500లో లిఫ్టర్ పైకి లేచి ఉంటుంది కాబట్టి షెల్స్ ఎక్కించేటప్పుడు బొటనవేలికి అడ్డం రాదు. 870లో అది కిందికి ఉంటుంది, తొందరలో గోరు నొక్కుకుపోతుంది. 500 ఎజెక్టర్ స్క్రూతో బిగించి ఉంటుంది, అరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. 870ది రివెట్ వేసినది, గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవారు) దగ్గరికి వెళ్లాలి. ఇవన్నీ చూసి నేను 500 వైపే మొగ్గుతాను. ఖర్చు తగ్గించుకోవాలంటే అదే కంపెనీ మావెరిక్ 88 ఉంది, లోపల చాలావరకు 500 లాంటిదే, సేఫ్టీ మాత్రం ట్రిగ్గర్ దగ్గర అడ్డంగా ఉంటుంది. ఇంకాస్త దృఢంగా కావాలంటే మాస్‌బర్గ్ 590.

బ్యారెల్ 18.5 అంగుళాలది చాలు. తలుపుల దగ్గర, మూలల దగ్గర పొడుగు బ్యారెల్ తగులుకుంటుంది. అంతకన్నా కోసి పొట్టి చేయించాలన్న ఆలోచన మాత్రం వద్దు. అమెరికాలో 1934 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా 18 అంగుళాల కన్నా తక్కువ బ్యారెల్ ఉంచుకోవడం నేరం. ఏ దేశంలో ఉన్నా కొనేముందు అక్కడి లైసెన్స్, నిల్వ నియమాలు చదవండి.

సెకండ్ హ్యాండ్ గురించి ఒక హెచ్చరిక. నా పాతదాంట్లో ఛాంబర్ లోపల సన్నటి తుప్పు చుక్కలుండేవి, నేను చూసుకోలేదు. నాసిరకం స్టీల్ అంచున్న షెల్స్ వేస్తే పేలాక ఉబ్బి అక్కడే అతుక్కుపోయేవి, ఫోర్‌ఎండ్ కదిలేది కాదు. గన్‌స్మిత్ పాలిష్ చేశాక ఆ బాధ పోయింది. కాబట్టి తుపాకీ ఖాళీ అని రెండుసార్లు నిర్ధారించుకుని, టార్చ్ వేసి ఛాంబర్ చూడండి, నున్నగా మెరవాలి.

కొత్తదైనా పాతదైనా, కనీసం రెండు వందల షెల్స్ ఏ అడ్డం లేకుండా పేలేదాకా నేను ఏ తుపాకీనీ ఇంటి రక్షణకు లెక్కలోకి తీసుకోను. అందులో ఇంట్లో ఉంచదలచుకున్న రకం బక్‌షాట్ కూడా కొన్ని ఉండాలి. పొట్టి మినీ షెల్స్‌తో మొదలుపెట్టకండి, చాలా తుపాకీల్లో అవి సరిగ్గా ఎక్కవు. 12 గేజ్ అయితే రీకాయిల్ (పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను) తగ్గించి చేసిన 2¾ అంగుళాల డబుల్ ఓ (00) బక్‌షాట్ వెతకండి. మామూలుగా అందులో తొమ్మిది గుండ్లు, ఒక్కోటి 8 మిల్లీమీటర్ల పైచిలుకు. ముందు చెయ్యి ఫోర్‌ఎండ్‌ని ముందుకు నెడుతూ, వెనక చెయ్యి స్టాక్‌ని భుజంలోకి లాగుతూ పట్టుకుంటే తన్ను ఆశ్చర్యపడేంత తగ్గుతుంది.

షాట్‌గన్‌కి గురి అక్కర్లేదన్న మాట నమ్మకండి. ఇంట్లో ఉండే దూరాల్లో గుండ్లు మహా అయితే అరచెయ్యంత వెడల్పులో పడతాయి. ఒక కాగితం మీద మూడు, ఐదు, ఏడు మీటర్ల నుంచి పేల్చి మీ కళ్లతో చూడండి. బక్‌షాట్ పలచటి గోడల్ని దాటేస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఏ గోడ వెనక పిల్లలు పడుకుంటారో, ఏ వైపు అసలు పేల్చకూడదో ఇద్దరూ కలిసి ముందే అనుకోండి. ఎదుట ఉన్నది ఎవరో చూడటానికి లైట్ తప్పనిసరి. పంప్ లాగిన చప్పుడుకే దొంగ పారిపోతాడన్న లెక్క మీద ఏదీ ఆధారపడకూడదు.

నిల్వ విషయంలో మా ఇంట్లో పద్ధతి ఇది: మ్యాగజైన్‌లో షెల్స్, ఛాంబర్ ఖాళీ, తుపాకీ త్వరగా తెరుచుకునే లాకర్‌లో. చాలా పంప్ షాట్‌గన్‌లు కింద పడితే పేలకుండా కాపాడే ఏర్పాటుతో రావు, సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ని మాత్రమే. అందుకే ఛాంబర్‌లో షెల్ ఉంచం. నెలలకొద్దీ స్ప్రింగ్ ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్ షెల్స్ నొక్కుకుపోతాయి, వాటిని రేంజ్‌కి తీసుకెళ్లి పేల్చేసి కొత్తవి పెడతాం.

కొన్న వారం లోపే ఒక అరడజను డమ్మీ షెల్స్ తెచ్చుకోండి. అసలు షెల్స్ వేరే గదిలో పెట్టి, ఇద్దరూ వంతులవారీగా ఎక్కించి, ఫోర్‌ఎండ్‌ని వెనక గోడకు కొట్టినట్టు చివరిదాకా లాగి, అంతే గట్టిగా ముందుకు తోయండి. డమ్మీలు నేల మీద రెండు మూడు అడుగుల దూరంలో ఒకేచోట పడుతుంటే మీ చెయ్యి కుదిరినట్టే. కాళ్ల దగ్గరే రాలుతుంటే ఇంకా సగమే లాగుతున్నారు. మీ ఇద్దరి స్టాక్ కొలతలు చూసుకుని ఇక్కడ రాయండి, ఏ మోడల్ కుదురుతుందో చెప్తాను.