గడ్డకట్టే చలిలో నెలన్నరగా కదలని కారును ఎలా స్టార్ట్ చేయాలి?

నెలన్నరగా మంచులో నిలిపిన కారు తాళం తిప్పితే టకటకమని ఆగిపోతోందని, మళ్లీ మళ్లీ తిప్పి చూడవచ్చా అని అడిగారు. వద్దు. ఆ చప్పుడు వస్తోందంటే స్టార్టర్ మోటారును తిప్పే శక్తి బ్యాటరీలో లేదని అర్థం. ప్రయత్నించిన కొద్దీ ఉన్న కాస్తా పోతుంది.

నా కారూ ఏటా చలికాలమంతా ఆరుబయటే ఉంటుంది. ముందు బానెట్ ఎత్తి బ్యాటరీని చూస్తాను. బాగా ఛార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 40 డిగ్రీల చలినైనా తట్టుకుంటుంది. ఖాళీ అయితే లోపలి ఆమ్లం దాదాపు నీళ్లలా పలచబడి, మైనస్ 10 దగ్గరే గడ్డకట్టవచ్చు. పక్కలు ఉబ్బినా, పెట్టెకు పగులు కనిపించినా దానికి కరెంటు ఎక్కించకండి, పేలిపోగలదు. అలాంటిదాన్ని మార్చేయడమే మేలు.

బాగానే ఉంటే వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టండి. 12.6 వోల్టులు నిండు ఛార్జి, 12.2 సుమారు సగం. తీరిక ఉంటే బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి రాత్రంతా ఛార్జర్‌కు పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. తొందరైతే జంపర్ కేబుళ్లు, అంటే మరో కారు బ్యాటరీ నుంచి మీ కారుకు కరెంటు తెచ్చే తీగలు. ఎర్ర తీగ రెండు కొసలు రెండు బ్యాటరీల పాజిటివ్‌లకు, నల్లదాని ఒక కొస మంచి బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస మీ ఇంజిన్ మీద రంగు వేయని ఇనుప భాగానికి తగిలించాలి. బ్యాటరీ దగ్గర మండే హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు, చివరి కొస తగిలించేటప్పుడు వచ్చే నిప్పురవ్వ అక్కడ పడకూడదు. అవతలి కారును కాసేపు నడవనిచ్చి, మీది గేరు లేకుండా, క్లచ్ తొక్కి తిప్పండి. అలా చేస్తే గేర్‌బాక్సులో చలికి చిక్కబడిన నూనె బరువు స్టార్టర్ మీద పడదు. పది సెకన్లు మించవద్దు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగండి.

తాళం తిప్పినప్పుడు ఇంజిన్ చురుగ్గా తిరుగుతున్నా స్టార్ట్ కావడం లేదంటే లోపం బ్యాటరీది కాదు. డీజిల్ కారైతే చలికి ఇంధనంలో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు.

పొగగొట్టం చుట్టూ మంచు తీసేశాకే తాళం తిప్పండి. మూసిన గ్యారేజీలో అసలే వద్దు, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేస్తే చాలని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. స్టార్టర్ వాడుకున్న కరెంటు అంతలో తిరిగి రాదు, పైగా ఇంజిన్ వేడెక్కక నూనెలో తేమ మిగులుతుంది. కనీసం అరగంట రోడ్డు మీద నడపగలిగితే నడపండి, లేదంటే బ్యాటరీ ఖాళీ కాకుండా దాని నెగటివ్ తీగ విప్పేయండి. కొన్ని కార్లలో తిరిగి బిగించాక రేడియో కోడ్ అడుగుతుంది, అది ముందే రాసిపెట్టుకోండి.