ఫీజు బాకీ ఉందని టీసీ ఆపితే...

ప్రశ్న: మాది సికింద్రాబాద్. మా ఇద్దరమ్మాయిలూ ఒక ప్రైవేటు గర్ల్స్ హైస్కూల్లో డే స్కాలర్లు. మావారి ఉద్యోగం పోయి ఏడాది దాటింది. పెద్దమ్మాయి ఏడో తరగతి ఫీజులో 38 వేలు బాకీ పడ్డాం. తనను ఎనిమిదో తరగతికి దగ్గర్లోని ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో చేర్చుదామంటే, బాకీ కడితేనే టీసీ అంటున్నారు. తేదీ వేయకుండా చెక్కు రాసిస్తే ఇస్తారట. పరీక్షలప్పుడు అందరి ముందు పేరు చదివి పిల్లను క్లాసు బయట నిలబెట్టారు. పోలీసు కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. చిన్నమ్మాయి నాలుగో తరగతి, ఇంకా అక్కడే ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ చెక్కు మాత్రం ఇవ్వకండి. స్కూలు ఫీజు బాకీ సివిల్ వ్యవహారం. కావాలంటే వాళ్లు మూడేళ్లలోపు సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. అంతేగానీ, కట్టలేకపోయినంత మాత్రాన పోలీసులు మిమ్మల్ని స్టేషన్‌కు పిలవడానికి లేదు. చెక్కు ఇచ్చారంటే కథ మారిపోతుంది. తేదీ వాళ్లే వేసుకుని బ్యాంకులో వేస్తారు. అది బౌన్స్ అయి, నోటీసు అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. మీరు భయపడుతున్న కేసుకు మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది.

ఇక టీసీ. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు వర్తిస్తుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లలకు పాత స్కూలు వెంటనే టీసీ ఇవ్వాలని 5వ సెక్షన్ చెబుతోంది. మీకు అంతకన్నా పనికొచ్చే మాట అందులోనే ఉంది: టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్‌ను ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. జూన్ దాటిపోయినా చేర్చుకోవాల్సిందేనని 15వ సెక్షన్ అంటుంది. కాబట్టి పాత స్కూలు ఆఫీసు చుట్టూ తిరగడం మానేసి, నేరుగా ప్రభుత్వ బడి హెడ్‌మిస్ట్రెస్‌ను కలవండి. ఆధార్ కార్డు, జనన ధ్రువపత్రం, ఏడో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు తీసుకెళ్లండి. “టీసీకి దరఖాస్తు చేశాను, ఫీజు బాకీ పేరుతో ఇవ్వడం లేదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం మా అమ్మాయిని 8వ తరగతిలో చేర్చుకోగలరు” అని కాగితం మీద రాసివ్వండి. నోటితో అడిగితే కుదరదనడం తేలిక. కాగితం చేతిలో పెడితే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఒక చిక్కు రావచ్చు. బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ యూడైస్ పోర్టల్‌లో, పాత స్కూలు పాప పేరును డ్రాప్ బాక్స్‌లో (బడి వదిలిన పిల్లల జాబితాలో) వేయకుండా అట్టే పెట్టుకుంటుంది. పేరు ఆన్‌లైన్‌లో రావడం లేదని కొత్త బడిలో అంటారు. దానికి మీరు కంగారు పడొద్దు. పాప పెన్ నంబరు (యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత సంఖ్య) రాసి జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి, అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. అక్కడ కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి.

పాత స్కూలుకు కూడా టీసీ దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఫీజు రసీదులు, డైరీలో రాసిన నోట్సు, వాట్సాప్ మెసేజీలు ఏవీ పారేయకండి.

ఆ స్కూలును ఎవరు నడుపుతున్నారో మీరు రాయలేదు. నగరంలో పేరున్న గర్ల్స్ స్కూళ్లలో చాలావరకు మిషనరీ సంస్థలవి. మైనారిటీ స్కూళ్లకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని అభిప్రాయపడింది. మీది అలాంటి స్కూలైతే 5వ సెక్షన్ తమకు వర్తించదని వాదించొచ్చు. అయినా చేర్చుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వ బడిది కాబట్టి మీ పని ఆగదు. టీసీ ఫీజు వసూలుకు సాధనం కాదనీ, అందులో బాకీ గురించి రాయకూడదనీ 2024 జులైలో మద్రాస్ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ ఉత్తర్వుకు మన రాష్ట్రం కట్టుబడి ఉండాలని లేదు గానీ, ఫిర్యాదులో ప్రస్తావించండి.

క్లాసు బయట నిలబెట్టడం నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది. పన్నెండు పదమూడేళ్ల పిల్లకు స్నేహితురాళ్ల ముందు జరిగిన ఆ అవమానం ఊరికే పోదు. పిల్లలను మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. పిల్లలపై క్రూరత్వానికి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్‌లో శిక్ష కూడా ఉంది. అయితే పోలీసు కేసంటే పాప మళ్లీ మళ్లీ అదే విషయం చెప్పుకోవాల్సి వస్తుంది. నేనైతే ముందు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయమంటాను. జరిగిన తేదీ, ఎవరు నిలబెట్టారు, ఎంతసేపు అన్నది పాప చెప్పినట్టే రాయండి.

చిన్నమ్మాయిని అక్క బాకీ చూపించి పంపేయడానికి వీల్లేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదని 16వ సెక్షన్. స్కూలు మైనారిటీదైతే ఈ రక్షణ కాస్త బలహీనమే కనుక, తన ఈ ఏడాది ఫీజు మాత్రం వీలైనంత వరకు కడుతూ రండి. ప్రతి రసీదు మీద చిన్నమ్మాయి పేరు, తరగతి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఆ డబ్బును పాత బాకీ కింద జమ చేసుకుంటారు. 38 వేలు వాయిదాల్లో కడతామని వేరే లేఖ ఇవ్వండి. బాకీ తీర్చాల్సిందే, కాదనడం లేదు.

వీటన్నిటికీ లాయరు ఫీజు ఎక్కడి నుంచి తేవాలని ఆగిపోకండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. డీఈవో కూడా పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ వేయడానికి లాయరును వాళ్లే ఇస్తారు.