కుందేలు కథ రాసిన అమ్మాయికి

బిడ్డా,

నీ కథ చదివాను. కాజీపేటలో రైల్వే లైను పక్కన ఒక రేకుల ఇల్లు, రెండు నెలల తెల్ల కుందేలు పిల్ల, రోహిణి కార్తె, ఒక తెల్లవారుజామున ఆ పిల్ల చచ్చిపోవడం. ఇంత చిన్న విషయం మీద రాసినందుకు ఏమనుకోవద్దని ఉత్తరంలో సంజాయిషీ ఇచ్చుకున్నావు. అక్కర్లేదు. పెంచుకున్న ప్రాణి పోతే ఏడ్చినవాళ్లను చూసి నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం నువ్వు రాయడం లేదు.

మొదటి పేజీ మొత్తం కొట్టెయ్యి. వేయిస్తంభాల గుడి, 1163, రుద్రదేవుడు, భద్రకాళి చెరువు, కోట తోరణాలు వరుసగా వచ్చి నిలబడ్డాయి. కథ ఓరుగల్లుదని చెప్పాలన్న నీ ఆరాటం తెలుస్తూనే ఉంది. కానీ మీ ఊరు ఆ పేజీలో లేదు, నాలుగో పేజీలో ఉంది. గూడ్సు బండి షంటింగ్ మోతకు కుందేలు పిల్ల వెనక కాళ్లతో నేలను దబదబా కొట్టిందనీ, ఎన్నాళ్లయినా ఆ మోత దానికి అలవాటు కాలేదనీ రాశావు చూడు, కాజీపేట అక్కడుంది. కథను అక్కడ మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. రాత్రి ఆడుకుంది, పొద్దునకు లేదు అన్నావు. మనకు అలాగే కనిపిస్తుంది. దానికి మాత్రం చావు అంత అకస్మాత్తుగా రాదు. కుందేలు వేటకు గురయ్యే జంతువు. నలతగా ఉన్నట్టు కనిపిస్తే శత్రువు కన్ను ముందు తన మీదే పడుతుంది కనుక జబ్బును దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. దాని పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. ఆ కదలికను నడిపేది గడ్డిలోని పీచు. బెదురు వల్లో, నొప్పి వల్లో, ఎండ వల్లో, తిండి మారడం వల్లో అది మేత మానేస్తే పేగు మందగిస్తుంది, గ్యాసు చేరుతుంది. వాంతి చేసుకోవడం కుందేలుకు చేతకాదు. అందుకే ఒక్క పూట మేత ముట్టకపోయినా పశువైద్యులు దాన్ని అత్యవసరంగా చూస్తారు.

మరి ముందురోజు సాయంత్రం మీ ఇంటివాళ్లు ఏం చూసి ఉంటారు? గడ్డి అలాగే ఉంది. పెంటికలు చిన్నవయ్యాయి, తర్వాత అవీ లేవు. పిల్ల ఒళ్లు ముడుచుకుని మూలకు కూర్చుంది. సన్నగా పళ్లు నూరింది. ఇవేవీ జబ్బులా కనిపించవు, ఎండకు నీరసించిందిలే అనుకుంటారు. వీటినే ఆ సాయంత్రంలో అక్కడక్కడా చల్లు. అమ్మ ఆవకాయకు ముక్కలు కొట్టిస్తోంది, తమ్ముడు ఫోను కోసం పేచీ పెడుతున్నాడు, మధ్యలో ఎవరూ ముట్టని గడ్డి. పాఠకుడు కూడా ఇంట్లోవాళ్లలాగే చూసీ చూడనట్టు దాటిపోవాలి. అమ్మకు కుడికన్ను అదరడం, గుడ్లగూబ కూయడం అప్పుడు నీకు అవసరం ఉండదు.

కారణం చెప్పాలా అని అడిగావు. కథలో చెప్పకు. నువ్వు మాత్రం తెలుసుకొని ఉండు. ఆ వయసు పిల్లలు పోవడానికి దారులు చాలా ఉన్నాయి. పాలు పూర్తిగా మానకముందే తల్లి నుంచి విడదీసి అమ్మేస్తారు. పేగులో కాక్సిడియా అనే పరాన్నజీవి చేరుతుంది. వడ కొడుతుంది. కుందేలు మనలా చెమట పట్టి చల్లబడలేదు, ఒంటి వేడిని చాలావరకు చెవుల నుంచే వదులుకుంటుంది. వరంగల్ మే నెలలో, రేకుల కింద, ఆ లేత చెవులు ఎంతని ఈదుకొస్తాయి? కోసి పరీక్ష చేయిస్తే తప్ప వీటిలో ఏది అన్నది తేలదు, ఏ ఇంట్లోనూ అంత దూరం వెళ్లరు. కాబట్టి ఎవరికి వాళ్లు లోలోపల తమనే అనుమానించుకుంటారు. క్యాబేజీ ఆకు వేసింది తానేనని అమ్మ, ఒళ్లోంచి దించలేదని తమ్ముడు. ఒకరికొకరు చెప్పుకోరు. నువ్వేమో నేరమంతా పక్కింటి కుక్క మీద వేసి అందరినీ విడిపించావు.

ఒక ప్రమాదం కూడా ఉంది. ముక్కు కారుతోందని నాన్న మూడు రోజుల ముందు ఇంట్లో మిగిలిన పిల్లల యాంటీబయాటిక్ సిరప్ రెండు చుక్కలు వేశాడని మురిపెంగా రాశావు. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోట్లో వేస్తే కుందేలు పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, కొద్ది రోజుల్లో ప్రాణమే పోవచ్చు. ఇది తెలిసిన పాఠకుడికి మీ నాన్న పాత్ర చేతిలో సీసా కనిపించిన క్షణం నుంచి నీ కథ ఇంకో కథ. అలా కావాలనుకుంటే ఉంచు. తెలియక రాసి ఉంటే తీసెయ్యి.

ఇప్పుడు తాత దగ్గరికి వస్తాను. ములుగు వైపు పల్లెలో పుట్టాడు, కుర్రతనంలో వలలు కట్టి, కుక్కలను వెంటేసుకొని చెవులపిల్లుల, అంటే అడవి కుందేళ్ల, వేటకు వెళ్లాడు అని రెండు వాక్యాలు చెప్పి, మిగతా కథంతా ఆయనను మంచం మీద దగ్గిస్తూ వదిలేశావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వేట నేరం. అయినా ఆనాటి ముచ్చట్లు చెప్పేటప్పుడు ఆ వయసు వాళ్ల గొంతు ఎలా లేస్తుందో నేను విన్నాను. నీ కథలో ఇంతకంటే విలువైన మనిషి లేడు.

కుందేలు మామూలుగా నోరెత్తదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడో, తట్టుకోలేని నొప్పిలోనో కీచుమని అరుస్తుంది. విననివాళ్లు పసిపిల్ల ఏడుపనుకుంటారు. నీ కథలోనూ అందరూ అది విని, పక్కింటి పాప అనుకొని అటు తిరిగి పడుకున్నారు. కానీ ఆ అరుపును ఇదివరకే విన్నవాడు ఆ ఇంట్లో ఒకడున్నాడు. వల దగ్గర విన్నాడు. ఆయన లేచాడా? వెళ్లి చూసి, ఎవరినీ లేపకుండా వచ్చి పడుకున్నాడా? పొద్దున అందరూ ఏడుస్తుంటే ఏమన్నాడు? ఒకప్పుడు వేటాడి వండుకు తిన్న మనిషి, మనవరాలి కుందేలుకు రోజూ గరిక తెంపి తెచ్చాడు. దయచేసి ఆయనకు పశ్చాత్తాపం అంటగట్టకు. తినేది వేరు, పెంచుకునేది వేరు అన్న లెక్క ఆ తరం మనసులో ఏ ఇబ్బందీ లేకుండా ఉంటుంది. నా మిగతా మాటలు విన్నా వినకపోయినా సరే, తాత విషయంలో మాత్రం నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"అడవిలో వదిలేసి ఉంటే బతికేది" అని నీ కథలోని అమ్మాయి ఏడుస్తుంది. దానికి జవాబు కూడా తాత దగ్గరే ఉంది. మన చెలకల్లో తిరిగే చెవులపిల్లి బొరియ తవ్వదు, దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకొనే పుడతాయి. దుకాణంలో కొన్నది ఐరోపా కుందేలు సంతతి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని పుడతాయి. ఏటూరునాగారం అడవిలో ఆ తెలుపు ఎక్కడ దాక్కుంటుంది? ఆయనకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలిసి ఉంటుంది. ఒక్క ముక్క అనిపించు.

కుందేలు చందమామలోకి వెళ్లిపోయిందన్న పేరాను నీ గొంతుతో చెప్పకు. అమ్మ తమ్ముడికి చెప్పనీ, వాడు నమ్మకపోనీ.

అట్టపెట్టెను స్కూటర్ మీద పెట్టుకొని నాన్న వడ్డేపల్లి చెరువు వైపు వెళ్లడం బాగుంది. మొరం నేల, కింద బండ, గునపం దిగదు, చోటు మార్చి మళ్లీ వేస్తాడు. అందులో ఒక్క అక్షరం కదపకు. దాని వెనకే వచ్చిన "మనిషి గుండె కూడా రాయేనా" అన్న వాక్యం తప్ప.

వచ్చే నెల సంచికకు పంపాలని తొందరపడుతున్నావు. ఆగు. మామునూరు పశువైద్య కళాశాలలో చదివే పిల్లలెవరైనా తెలిసి ఉంటే జబ్బు భాగం వాళ్లకు చూపించు, పెంటికల దగ్గర, సిరప్ దగ్గర నేను తప్పు చెప్పి ఉంటే వాళ్లు పట్టుకుంటారు. తాత కోసం పల్లెకు వెళ్లి ముసలివాళ్ల దగ్గర కూర్చో. వల దేనితో అల్లేవాళ్లు, కుక్కలను ఏమని పిలిచేవాళ్లు, పట్టుకున్నాక ఎలా మోసుకొచ్చేవాళ్లు, అన్నీ అడుగు. కథ మొత్తం మళ్లీ పంపనక్కర్లేదు. అరుపు వినిపించిన దగ్గరి నుంచి పంపు, ముందుది నాకు గుర్తుంది.

ఆశీస్సులతో.