సర్వసైన్యాధ్యక్షుడు రాష్ట్రపతి కదా, మరి 1971 యుద్ధంలో వి.వి.గిరి పేరు ఎందుకు వినపడదు?

రాజ్యాంగం ప్రకారం త్రివిధ దళాలకు అధిపతి రాష్ట్రపతి అయినప్పుడు, 1971 యుద్ధం అనగానే ప్రధాని ఇందిరాగాంధీ, సైన్యాధిపతి మానెక్‌షా పేర్లే ఎందుకు చెబుతామని అడిగారు. నేను విశాఖలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు పాలిటీ చెబుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు.

సూటిగా చెప్పాలంటే, యుద్ధం రాష్ట్రపతి పేరు మీద నడిచింది, నిర్ణయం మంత్రివర్గం తీసుకుంది. రక్షణ దళాల అత్యున్నత ఆధిపత్యం రాష్ట్రపతిదే అని చెప్పే 53(2) అధికరణమే, దాన్ని చట్టం ప్రకారం వాడాలని కూడా చెబుతుంది. 74వ అధికరణం ఆయన పక్కన మంత్రిమండలిని నిలబెట్టింది. ఆ సలహాకు రాష్ట్రపతి కట్టుబడి ఉండాలన్న మాట 1976లో 42వ సవరణతో చేరింది గానీ, ఆచారం మొదటి నుంచీ అదే.

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. ఇందిర అప్పుడు కలకత్తాలో ఉన్నారు. ఆవిడ ఢిల్లీ చేరాక, ఆ రాత్రే గిరి 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ ప్రకటించారు. యుద్ధం మొత్తంలో ఆయన చేసిన అతి పెద్ద పని అదే. యుద్ధం గెలిచాక మానెక్‌షాకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చిందీ ఆయనే, 1973 జనవరిలో రాష్ట్రపతి భవన్‌లో. బరంపురంలో తెలుగు ఇంట పుట్టిన మనిషి ఆయన. 1969 ఎన్నికలో ఆయన ఓడించింది కూడా మన నీలం సంజీవరెడ్డినే. అయినా ఈ యుద్ధం గురించి చెప్పేటప్పుడు మన తెలుగువాళ్లే ఆయన్ని తలుచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ ఏర్పాటు విలువ తెలియాలంటే అదే యుద్ధంలో మిగతా దేశాల అధ్యక్షుల్ని కూడా చూడాలి. నేను బోర్డు మీద నాలుగు పేర్లు రాస్తాను: గిరి, యాహ్యాఖాన్, నిక్సన్, ముజిబుర్ రెహమాన్.

యాహ్యాఖాన్ పాకిస్తాన్ అధ్యక్షుడు, సైన్యాధిపతి, చీఫ్ మార్షల్ లా అడ్మినిస్ట్రేటర్. మూడు పదవులూ ఒక్కడి దగ్గరే. 1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) 162 సీట్లలో 160 ముజిబ్ పార్టీ అవామీ లీగ్ గెలిచింది. అధికారం అప్పగించడానికి బదులు 1971 మార్చి 25 రాత్రి ఢాకా మీదికి సైన్యాన్ని వదిలారు. ఇది తప్పు అని చెప్పి ఆపగలిగిన పార్లమెంటు గానీ, మంత్రివర్గం గానీ ఆయన పైన లేవు. డిసెంబర్ 16న ఢాకాలో సైన్యం లొంగిపోయింది, దాదాపు 93,000 మంది బందీలయ్యారు. నాలుగు రోజులకే, డిసెంబర్ 20న, ఆయన పదవి భుట్టో చేతికి వెళ్లింది. భుట్టో కూడా అధ్యక్ష పదవితో పాటు మార్షల్ లా అడ్మినిస్ట్రేటర్ కుర్చీని తీసుకున్నారు!

ఇక అమెరికా అధ్యక్షుడు నిక్సన్. ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపించారు. అమెరికాలో యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది. కానీ నౌకల్ని కదిలించడానికి అధ్యక్షుడి ఆదేశం చాలు. ఆ యుద్ధం రోజుల్లో విశాఖలో భయం ఎలా ఉండేదో మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించి, దీపం బుడ్డి మంచం కింద పెట్టుకుని అన్నాలు తినేవారట. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక అద్దాలు గలగలమంటే భూకంపం అనుకున్నారు. ఆ రాత్రి విశాఖ రేవు బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది. అది కూడా అమెరికా ఇచ్చిందే. వియత్నాం అనుభవంతో 1973లో కాంగ్రెస్ అధ్యక్షుడి యుద్ధాధికారాలకు పరిమితి పెడుతూ తీర్మానం చేసింది. నిక్సన్ వీటో చేసినా దాన్ని నెగ్గించుకుంది.

నాలుగో పేరు దగ్గర పిల్లలు ఆశ్చర్యపోతారు. 1971 ఏప్రిల్ 17న మెహర్‌పూర్ మామిడితోటలో బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వం ప్రమాణం చేసినప్పుడు అధ్యక్షుడు ముజిబ్. కానీ ఆయన పాకిస్తాన్ జైల్లో ఉన్నారు. సయ్యద్ నజ్రుల్ ఇస్లాం తాత్కాలిక అధ్యక్షుడిగా పనిచేశారు. విడుదలయ్యాక 1972 జనవరి 10న ముజిబ్ ఢిల్లీలో దిగితే గిరి, ఇందిర ఇద్దరూ ఎదురెళ్లి స్వాగతం పలికారు. మరో రెండు రోజులకే ఆయన అధ్యక్ష పదవి వదిలి ప్రధాని అయ్యారు. అంటే పార్లమెంటరీ పద్ధతినే ఎంచుకున్నారు.

అయితే రాష్ట్రపతి పేరు కాగితం మీది లాంఛనమేనా అంటే, నేను ఒప్పుకోను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో మా తమ్ముడి కసం పరేడ్‌కి (శిక్షణ ముగిశాక ప్రమాణం చేసే కవాతు) వెళ్లాను. ప్రాణాల మీదికి వచ్చినా రాష్ట్రపతి ఆజ్ఞను, తన పై అధికారి ఆజ్ఞను పాటిస్తానని ఆ కుర్రాళ్లు ప్రమాణం చేశారు. ప్రధాని పేరు అందులో లేదు, ఏ పార్టీ పేరూ లేదు. సైనికుడి విధేయత రాజ్యాంగానికీ, ఎన్నికల్లో గెలిచిన నాయకుడికి కాకుండా రాష్ట్రపతి పదవికీ ఉండటం చాలా గొప్ప రక్షణ అని అక్కడ నిలబడి చూస్తే అర్థమైంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1971లో గిరి పెట్టిన ఎమర్జెన్సీ యుద్ధం 13 రోజుల్లో ముగిసినా ఎత్తెయ్యలేదు. 1977 మార్చి దాకా అలాగే ఉంది. అది ఉండగానే 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రెండోది సంతకం చేశారు, అదీ మంత్రివర్గం సమావేశం కాకముందే. అందుకే 1978లో 44వ సవరణతో, కేంద్ర మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి 352 కింద ప్రకటన చేయాలన్న నిబంధన పెట్టారు. పరీక్ష కోసం చదువుతుంటే 53(2), 74, 352(3) మూడూ కలిపి చదవండి. కార్గిల్ యుద్ధం ఈ నిబంధన వచ్చాక జరిగిందే. 1999లో కె.ఆర్.నారాయణన్ రాష్ట్రపతి, వాజ్‌పేయిది ఆపద్ధర్మ ప్రభుత్వం. అప్పుడు ఎమర్జెన్సీ పెట్టకుండానే యుద్ధం నడిపారు.